మూడు రోజుల పండగ సెలవులకి నోరు కట్టుకోవాలా, వదిలేయాలా?

అర్ధరాత్రి_ఆకలి (చర్చ మొదలుపెట్టినవారు) · బుధవారం రాత్రి 11:40

శుక్రవారం సాయంత్రం నుంచి సోమవారం పొద్దున దాకా సెలవులు. ఇంటినిండా చుట్టాలు, పూటపూటా విందు. విందుకీ విందుకీ మధ్యలో కూడా ఎవరో ఒకరు ప్లేటు పట్టుకుని తిరుగుతూనే ఉంటారు. నాలుగు నెలలుగా ఒళ్లు దగ్గర పెట్టుకుని తింటున్నాను, 6 కేజీలు తగ్గాను. ఇప్పుడు ఇంట్లో రెండు పార్టీలు. మా అన్నయ్య "మూడు రోజులకి ఏం కాదురా, తిను" అంటాడు. మా ఆవిడ "ఒక్కసారి వదిలావంటే మళ్లీ దారికి రావు, పోయినసారి ఏమైందో మర్చిపోయావా" అంటుంది. మర్చిపోలేదు. మూడు రోజులని మొదలుపెట్టి మూడు నెలలు తిన్నాను.

సూటిగా అడుగుతున్నా. ఈ మూడు రోజులూ లెక్క చూసుకోవాలా, గాలికి వదిలేయాలా? "మితంగా తినండి" అని మాత్రం దయచేసి చెప్పకండి. అది తెలియక కాదు ఇక్కడికొచ్చింది.

లెక్కల_పిచ్చి · గురువారం ఉదయం 6:55

వదిలేయండి. ఎందుకో చెప్తా. ఒక కేజీ కొవ్వంటే సుమారు 7,700 కేలరీలు. మీ ఒంటికి కావలసినదానికంటే రోజుకి 1,200 ఎక్కువ తిన్నారనుకుందాం. అదేమీ చిన్న తిండి కాదు. మూడు రోజులకి 3,600. అంతా కొవ్వుగానే మారిందనుకున్నా అరకేజీ రాదు. నాలుగు నెలల్లో ఆరు కేజీలు దించిన మనిషికి అది పది రోజుల పని.

సోమవారం పొద్దున కాటా మీద రెండు కేజీలు ఎక్కువ చూపిస్తే కంగారు పడకండి. పిండిపదార్థాలు దండిగా తిన్నప్పుడు ఒళ్లు వాటిని గ్లైకోజెన్‌గా కండరాల్లో, కాలేయంలో దాచుకుంటుంది. ఒక్కో గ్రాముకి దాదాపు 3 గ్రాముల నీళ్లు తోడు. ఆ పైన ఉప్పు పట్టి ఉంచే నీళ్లు, ఇంకా పేగుల్లోనే ఉన్న తిండి. కాటాకి ఇవన్నీ బరువే. మామూలు తిండికి వచ్చేస్తే కొద్దిరోజుల్లో దిగిపోతుంది.

తూకం_తప్పదు · గురువారం ఉదయం 8:20

లెక్క బాగుంది లెక్కల_పిచ్చి గారూ, మనుషులే లెక్క ప్రకారం ఉండరు. మూడు రోజులు మూడు నెలలైందని ఆయనే చెప్పుకున్నారు కదా.

అమెరికాలో యానోవ్‌స్కీ బృందం 195 మంది పెద్దవాళ్లని సెలవుల సీజనుకి ముందూ వెనకా తూచింది. 2000లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. సెలవుల్లో సగటున పెరిగింది 0.37 కేజీ, అంతే. ఎంత పెరిగామనుకుంటున్నారని అడిగితే మాత్రం దానికి నాలుగింతలు చెప్పారు. ఇక్కడిదాకా మీ వాదనకి బలమే. తర్వాతే ఉంది అసలు సంగతి. ఆ పెరిగిన కాస్తా తర్వాతి నెలల్లో దిగలేదు. ఏడాదికి సగం కేజీ అంటే నవ్వొస్తుంది. పదేళ్లు వెయ్యండి, బట్టల సైజు మారుతుంది.

ఇంకోటి. 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో బర్మింగ్‌హామ్ వాళ్లు 272 మందితో చేసిన ప్రయోగం వచ్చింది. క్రిస్మస్ సెలవుల్లో ఒక జట్టుని వారానికి రెండుసార్లైనా తూచుకోమన్నారు, ఏది తింటే ఎంతసేపు నడవాలో చెప్పే పట్టీ ఇచ్చారు. రెండో జట్టుకి ఉత్త కరపత్రం. కరపత్రం జట్టు సగటున 0.37 కేజీ పెరిగింది. తూచుకున్నవాళ్లు 0.13 తగ్గారు. నా మాట ఒకటే. తినండి, కాటాని మాత్రం అటకెక్కించకండి.

మాజీ_డైటర్ · గురువారం ఉదయం 10:05

నాకు ఆ పట్టీ వింటేనే ఒళ్లు మండింది. ముద్ద నోట్లో పెట్టకముందే శిక్ష ఎంతో చెప్పే కాగితం!

నోరు బిగించి కట్టుకోవడంలోనే అసలు ప్రమాదం ఉందని నా అనుభవం. 1975లో హెర్మన్, మాక్ అనే పరిశోధకులు కొందరికి ముందు మిల్క్‌షేక్ ఇచ్చి, తర్వాత ఐస్‌క్రీమ్ రుచి చూడమన్నారు. మామూలుగా తినేవాళ్లు మిల్క్‌షేక్ తాగాం కదా అని ఐస్‌క్రీమ్ తగ్గించారు. ఎప్పుడూ నోరు కట్టుకునే అలవాటున్నవాళ్లు మిల్క్‌షేక్ తాగాక ఇంకా ఎక్కువ తిన్నారు. పత్యం ఎలాగూ చెడింది కదా అని. దీనికి మన సామెత ఎప్పుడో ఉంది: నిండా మునిగినవాడికి చలేమిటి.

పోయిన పండక్కి నేను చేసిన నిర్వాకం చెప్తా. పగలంతా పచ్చి కూరముక్కలు నములుతూ, అందరి ప్లేట్లూ చూస్తూ కూర్చున్నా. "ఎంత పట్టుదలే నీకు" అని పొగిడారు కూడా. రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లో లైటు వెయ్యకుండా, ఫ్రిజ్ వెలుతుర్లో నిలబడి, డబ్బాలోంచి చేత్తోనే తిన్నా. అడుగు తగిలాక గానీ ఎంత తిన్నానో తెలియలేదు. రుచి? ఏమో, గుర్తులేదు. పగలు నలుగురితో కూర్చుని తినాల్సింది, రాత్రి దొంగలా తిన్నాను.

తిండి విషయంలో మనసు ఒకసారి దెబ్బతిన్నవాళ్లకి రోజూ కాటా ఎక్కమనడం మందు కాదు, విషం. అందరికీ ఒకే సలహా ఇవ్వకండి.

తూకం_తప్పదు · గురువారం ఉదయం 10:31

చివరి మాట ఒప్పుకుంటాను. అలాంటివాళ్లకి కాటా వద్దు. కానీ చర్చ మొదలుపెట్టినాయన సమస్య అది కాదు. మళ్లీ దారికి రాకపోవడం ఆయన సమస్య.

వారాంతపు_వీరుడు · గురువారం మధ్యాహ్నం 12:15

బ్రో సింపుల్. చిన్న ప్లేటు తీసుకోండి, తిండి సగం అవుతుంది. సైన్స్.

లెక్కల_పిచ్చి · గురువారం మధ్యాహ్నం 12:40

తమ్ముడూ, ఆ సైన్సుని ఊరూరా మోసినవారిలో కార్నెల్ యూనివర్సిటీ ప్రొఫెసర్ బ్రయన్ వాన్సింక్ ఒకరు. 2018లో జామా అనే అమెరికా వైద్య పత్రికలు ఒకే రోజున ఆయన పేపర్లు ఆరు వెనక్కి తీసుకున్నాయి. యూనివర్సిటీ విచారణలోనూ అక్రమాలు తేలాయి, ఆయన తప్పుకున్నారు. చిన్న ప్లేటు వాడొద్దని కాదు. విందులో ఇంకోసారి లేచి వడ్డించుకోవడానికి ఎంతసేపు?

వారాంతపు_వీరుడు · గురువారం మధ్యాహ్నం 12:43

నేను మూడుసార్లు లేస్తా 😅 ఒప్పుకున్నా.

షుగర్_పదేళ్లు · గురువారం మధ్యాహ్నం 2:10

మీ చర్చంతా బరువు చుట్టూనే తిరుగుతోంది. నా గొడవ బరువు కాదు. ఈ సెలవుల్లో అందరూ చేసే ఒక పని గురించి చెప్పాలి. "రాత్రికి విందుంది కదా, మధ్యాహ్నం మానేద్దాం."

నేనూ అదే చేశాను. పొద్దున షుగర్ తగ్గించే గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకుని, కాస్త తిని, మధ్యాహ్నం ఎగ్గొట్టాను. సాయంత్రం నాలుగింటికి పిల్లలతో పేకాడుతున్నా. చేతిలో ముక్కలు వణుకుతున్నాయి. మొదట నవ్వుకున్నాను, తర్వాత చొక్కా తడిసిపోయింది. షుగర్ మీటర్లో 58. 70 కంటే దిగితేనే తక్కువ కింద లెక్క. మా అమ్మాయి గబగబా నీళ్లలో పంచదార కలిపి తాగించింది, పావుగంట ఆగి మళ్లీ చూసింది. 81. అప్పుడు కూర్చోబెట్టి అన్నం పెట్టారు. ఆ రాత్రి విందులో నా పక్కన మీటరే అతిథి.

ఇన్సులిన్ వేసుకునేవాళ్లూ, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు వాడేవాళ్లూ పూట మానేయడమంటే ఇదే. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకి ఈ భయం తక్కువ. ఏదైనా సెలవులకి ముందే డాక్టర్ని ఓ మాట అడగండి. పండగ రోజు ఫోన్ ఎత్తకపోవచ్చు.

విందులో నేను పాటించేది చిన్నదే. ముందు కూరలూ పప్పులూ మాంసం లాంటివీ తిని, పిండిపదార్థం ఆఖర్న తింటాను. తిన్నాక పావుగంట నడుస్తాను. భోజనం తర్వాత చక్కెర ఎగిరే ఎత్తు తగ్గుతుంది. నాకు మీటర్లోనే కనపడింది. "అన్నయ్యగారు ఇప్పుడే వెళ్లిపోతున్నారేంటి" అని ప్రతిసారీ అడుగుతారు. వెళ్లిపోవడం లేదు తల్లీ, వీధి చివరిదాకా వెళ్లి వస్తున్నా.

వంటింటి_నుంచి · గురువారం సాయంత్రం 5:50

ఇంతమంది తినడం గురించి మాట్లాడారు, వండేవాళ్లని ఒక్కరూ అడగలేదు. మా ఇంట్లో పదిహేను మందికి వండేది నేనూ మా తోడికోడలూ.

"ఇంకొక్కటి వేసుకో" అని బతిమాలడం ప్రేమ అనుకుంటున్నారు కదా. నిజం చెప్తా. సగం ప్రేమ, సగం మిగిలిపోతుందన్న భయం. తక్కువైతే పరువు పోతుందని రెండింతలు వండుతాం, తర్వాత అది మీ కడుపులో పడేదాకా మాకు నిద్ర పట్టదు. కాబట్టి మా బతిమాలుడుకి అంత కరిగిపోకండి. మొహమాటానికి పోతే ఏమైందో సామెత అందరికీ తెలిసిందే, పూర్తిగా రాయను.

వద్దనడానికీ ఓ పద్ధతుంది. "డైట్‌లో ఉన్నానండీ" అన్నారో, మాకు పంతం పుడుతుంది. "ఈ ఒక్కరోజుకి ఏం డైట్" అని పట్టుకుని మరీ వేస్తాం. "కడుపు నిండిందొదినా, భలే కుదిరింది, కాస్సేపాగి వేసుకుంటా" అనండి. కాస్సేపటికి మేం ఇంకొకరి వెంట పడతాం.

మరో మాట. ఉప్పు చూసీ చూసీ, మాడిన ముక్క నోట్లో వేసుకుని వేసుకుని, వడ్డన టైముకి మాకు ఆకలే ఉండదు. అయినా అందరితో కూర్చుని తింటాం. ఆ ముక్కలు ఏ కేలరీల యాప్‌లో రాసుకోమంటారు తూకం గారూ?

తూకం_తప్పదు · గురువారం సాయంత్రం 6:30

దీనికి నా దగ్గర జవాబు లేదండీ. నిజంగానే లేదు.

రకాల గురించి ఒకటి చెప్తా. కడుపు నిండాక కూడా స్వీటు కనపడితే చోటు దొరుకుతుంది చూశారా, అది జిహ్వచాపల్యం ఒక్కటే కాదు. తింటున్న రుచి మీద మోజు తగ్గుతుంది గానీ, ఇంకా తినని రుచి మీద తగ్గదు. బార్బరా రోల్స్ లాంటివాళ్లు 1980ల నుంచీ దీని మీద పనిచేశారు. అందుకే ఒకే కూర ఉన్న రోజు ఆగగలిగినవాళ్లం పన్నెండు రకాలున్న రోజు ఆగలేం. నేనైతే ముందు చేతులు కట్టుకుని బల్ల చుట్టూ ఒకసారి తిరిగొస్తా. ఏడాదికోసారి దొరికేవి ఏవి, ఎప్పుడు కావాలంటే అప్పుడు కొనుక్కోగలిగేవి ఏవి? చిప్స్‌తో కడుపు నింపుకుని, అసలైనదాన్ని భుక్తాయాసంతో తినేవాళ్లని చూస్తే జాలేస్తుంది.

మాజీ_డైటర్ · గురువారం సాయంత్రం 7:02

తూకం గారు మొదటిసారి తిండి గురించి ఇష్టంగా మాట్లాడారు. ఈ రోజు తేదీ రాసిపెట్టుకోవాలి.

దీంతో నాకూ పేచీ లేదు. ఒక్క షరతు: సోమవారం "పాప పరిహారం" ఉపవాసాలు వద్దు. మంగళవారం రాత్రి మళ్లీ ఫ్రిజ్ దగ్గర తేలతారు.

లెక్కల_పిచ్చి · గురువారం రాత్రి 8:45

అది మాత్రం నిజం. 3,600ని ఒక్కరోజులో తీర్చడం కుదరదు, అవసరమూ లేదు. నేను మొదట "వదిలేయండి" అన్నదాన్ని కాస్త దిద్దుకుంటా. మూడు రోజులు వదిలేయండి. నాలుగో రోజు పొద్దున ఏం తింటారో మాత్రం ఇప్పుడే రాసిపెట్టుకోండి. ఆయన పోయినసారి దెబ్బతిన్నది పండగలో కాదు, పండగ ఎప్పుడైపోయిందో ఎవరూ చెప్పకపోవడంలో.

అర్ధరాత్రి_ఆకలి · గురువారం రాత్రి 11:15

అందరికీ థాంక్స్. మా ఆవిడకి మొత్తం చదివి వినిపించాను. "నేను చెప్పిందే కదా" అంది. అన్నయ్యకి వినిపించాను. వాడూ అదే అన్నాడు.

తేల్చుకున్నది ఇది. మూడు రోజులూ యాప్ తెరవను. ఏ పూటా మానను. తిన్నాక నడక, షుగర్_పదేళ్లు గారి పద్ధతిలో. సోమవారం మామూలు టిఫిన్, ఆ టిఫిన్‌కి సామాను ఈ రోజే తెచ్చి పెట్టాను. కాటా రేపు పొద్దున ఒకసారి, సోమవారం ఒకసారి, వచ్చే శుక్రవారం ఒకసారి.

అర్ధరాత్రి_ఆకలి · తర్వాతి శుక్రవారం ఉదయం 7:10

మాటిచ్చాను కాబట్టి రాస్తున్నా. పండగకి ముందు 78.2. సోమవారం 80.0. ఈ రోజు 78.7. లెక్కల_పిచ్చి గారు చెప్పకపోయుంటే సోమవారమే చేతులెత్తేసేవాణ్ణి.

మూడు రోజులూ బాగా తిన్నాను, బాగా నవ్వాను, రోజూ రెండుసార్లు వీధి చివరిదాకా వెళ్లొచ్చాను. రెండో రోజు నుంచి మా అన్నయ్య కూడా వెంట వచ్చాడు. తప్పు జరిగింది మంగళవారం. వెళ్తూ వెళ్తూ పెద్దమ్మ ఒక స్వీటు డబ్బా చేతిలో పెట్టింది. ఆఫీసు నుంచి వచ్చి, బూట్లు విప్పకుండానే, నిలబడి అయిదు తిన్నా. పండగలో ఒక్కో పూటకి రెండు దాటలేదు. ఎవరూ బతిమాలలేదు, ఎవరూ వడ్డించలేదు.

వంటింటి_నుంచి · తర్వాతి శుక్రవారం ఉదయం 8:25

ఆ డబ్బాలు ఇచ్చేది మేమే, మా భయం మీ ఇంటికి పంపిస్తాం అంతే. ఇంకా ఉంటే ఈ రోజే ఎవరికైనా ఇచ్చేయండి.

అర్ధరాత్రి_ఆకలి · తర్వాతి శుక్రవారం ఉదయం 8:31

బుధవారమే ఆఫీసులో పంచేశానండీ. డబ్బా తిరిగిచ్చేయమని పెద్దమ్మ రెండుసార్లు ఫోన్ చేసింది. మూత కనపడటంలేదు.