‘నాస్తికుడు’ అన్న మాటకు అసలు అర్థం ఏమిటి?

భాషాభిమానులకు నమస్కారం. ‘నాస్తికుడు’ అనగానే నేడు మనం దేవుణ్ణి నమ్మనివాడనే అనుకుంటాము. అయితే ఈ మాట పుట్టుకను పరిశీలిస్తే అందులో దేవుడి ప్రస్తావనే కనిపించదు. ‘న అస్తి’, అంటే ‘లేదు’. ఏది లేదో ఆ మాట చెప్పదు. ‘అస్తి నాస్తి దిష్టం మతిః’ అన్న పాణిని వ్యాకరణ సూత్రానికి వ్యాఖ్య రాస్తూ కాశికావృత్తి అనే గ్రంథం పరలోకం ఉందని తలచేవాడు ఆస్తికుడని వివరించగా, మనుస్మృతి ‘నాస్తికో వేదనిందకః’ అంటూ వేదాన్ని నిందించేవాణ్ణి నాస్తికుడన్నది. సృష్టికర్తను ఒప్పుకోని పూర్వమీమాంసకులు (వేదకర్మలే ప్రధానమనే దర్శనం వారు) వేదప్రామాణ్యాన్ని అంగీకరించినందువల్ల ఆస్తికుల పంక్తిలో కూర్చోవడం, జైన బౌద్ధులకు ఆ చోటు దక్కకపోవడం ఈ రెండో అర్థం వల్లనే కాబోలు. (నాకిది కొంత వింతగానే తోస్తుంది.)

నా సందేహాలు రెండు. పరలోకం, వేదం అన్న పాత అర్థాలు వెనుకబడి, తెలుగు వాడుకలో దైవనిరాకరణ ఒక్కటే ఎప్పటినుండి ముందుకు వచ్చింది? ప్రాచీన కావ్యాల నుండి ప్రయోగాలు చూపగలిగితే మరీ మంచిది. ఇక, దేవుడు లేడని వాదించకుండానే ఏ మతానికీ చెందకుండా ఉండే వ్యక్తిని ఏమనాలి? ‘నిరీశ్వరవాది’ అంటే వాదం వచ్చి చేరుతుంది, ‘హేతువాది’ అంటే ఆలోచనాపద్ధతిని సూచిస్తుంది, ‘మతరహితుడు’ అన్నది అర్థానికి దగ్గరదే అయినా దరఖాస్తు పత్రంలోని మాటలా వినిపిస్తుంది. ఇంతకంటే సహజమైన పదం మీకు తెలిస్తే, దాని వ్యుత్పత్తితో సహా దయచేసి తెలియజేయగలరు.