తక్కువ బడ్జెట్‌లో ఆఫ్‌రోడ్‌కి ఏ బండి?

ప్రశ్న: పాత ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకీ ఇంజన్ శక్తి అందే బండి) కొని, నెమ్మదిగా ఆఫ్‌రోడ్‌కి, అంటే రోడ్డు లేని చోట్ల నడపడానికి, తయారు చేసుకుందామని ఉంది. జీప్ చెరోకీ ఎక్స్‌జేనా, పాత టయోటా హైలక్స్ పికప్‌నా? చేతిలో డబ్బు తక్కువ.

జవాబు 1: పేరు సంగతి తర్వాత. ముందు బండి కిందకి దూరి ఛాసిస్ (బండి బరువు మోసే ఇనుప చట్రం) చూడండి. వెనక స్ప్రింగులు బిగించిన చోట స్క్రూడ్రైవర్‌తో పొడవండి. తుప్పు పొరలుగా ఊడితే ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. ఇంజన్ మార్చుకోవచ్చు, కుళ్లిన ఛాసిస్‌పై పెట్టే డబ్బు మాత్రం బూడిదలో పోసిన పన్నీరే.

జవాబు 2: ఎక్స్‌జేకి విడిగా ఛాసిస్ ఉండదండీ, బాడీతోనే కలిసి ఉంటుంది. అయినా నా ఓటు దానికే. ముందూ వెనకా సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాల్నీ కలిపే ఒకే గట్టి ఇరుసు), 4.0 లీటర్ల ఇంజనేమో మహా మొండిది.

జవాబు 3: ఏది కొన్నా లో రేంజ్ (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే గేర్లు) వేసి నడిపి చూడండి. ఉన్నదంతా బండికే పెట్టేయకుండా మంచి టైర్లకి కొంత ఉంచుకోండి. బండిని ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్‌కి తొందరేం లేదు.