అప్‌డేట్: చెక్క ఎలుగుబంటి ఎక్కడిదో తేలింది

పాత సామాన్ల సంతలో కొన్న గొడుగుల స్టాండు ఎలుగుబంటి గురించి అడిగాను కదా: అమ్మినాయన చెప్పినట్టు జర్మనీలోని బ్లాక్ ఫారెస్ట్ అనే అడవి ప్రాంతపు పనేనా, వార్నిష్ కొట్టించొచ్చా అని. బెర్న్‌లో పాత చెక్కసామాను బాగుచేసే ఒక పెద్దాయనకి చూపించాను. స్విట్జర్లాండ్‌లోని బ్రియెంజ్ పనితనం అన్నారు. ఇలాంటివి చాలావరకు అక్కడివేనట, జర్మనీ పేరు ఊరికే అతుక్కుపోయింది. ఆ ఊళ్లో క్రిస్టియన్ ఫిషర్ 1816 ప్రాంతంలో పర్యాటకుల కోసం చెక్కడం మొదలుపెట్టాడు. 1884లో పెట్టిన చెక్కడపు పని బడి ఇప్పటికీ నడుస్తోంది.

ఇది లిండెన్ అనే చెట్టు చెక్క, పైన ముదురు రంగు పట్టించారు. భూతద్దంలో చూస్తే బొచ్చులో ఏ రెండు గీతలూ ఒకేలా లేవు. చంక కింద ఉలి లోతుగా దిగిన గాటు అలాగే ఉంది. అచ్చుపోసిన నకలైతే అతుకు గీత కనబడేదట.

వార్నిష్ మాత్రం వద్దన్నారు, పాత రంగు పాడవుతుందని. మెత్తని బ్రష్‌తో దుమ్ము దులిపి, కాస్త మైనం రాస్తే చాలట. పాదాల దగ్గర పురుగు రంధ్రాలున్నాయి గానీ కొత్తగా పొడి రాలడం లేదు. వదులైన గాజు కన్ను ఆయనే బిగిస్తారు. ధర అడిగినవాళ్లకి: అమ్మడం లేదండీ.