బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌కి ఆధార్, పాన్, యూఏఎన్ మూడూ తీసుకోవాలా?

హెచ్‌ఆర్_డెస్క్:
చిన్న కంపెనీ, వెరిఫికేషన్‌కి ప్రత్యేక టీమ్ లేదు. ఇంటర్వ్యూ రోజే ఆధార్ రెండు వైపులా, పాన్, యూఏఎన్ (ఉద్యోగి పీఎఫ్ ఖాతాలన్నిటికీ ఉండే ఒకే నంబరు) మెయిల్‌లో తెప్పించుకునే పద్ధతి నడుస్తోంది. ఏ నంబరుతో ఏం తేలుతుంది, ఏది ఎప్పుడు అడగాలి? పేర్లు కలవక "మిస్‌మ్యాచ్" అని తిరిగొస్తున్న కేసుల్ని ఏం చెయ్యాలి?

వెరిఫికేషన్_బల్ల:
ముందు ఇంటర్వ్యూ రోజు అడగడం మానెయ్యండి. ఆఫర్ ఇచ్చి, రాతపూర్వకంగా సమ్మతి తీసుకున్నాకే అడగాలి. ఎంపిక కాని వాళ్ల ఆధార్ కాపీలు మెయిల్‌బాక్సులో పడుంటే ఒరిగేదేం లేదు, లీకైతే మాత్రం మీ మెడకే చుట్టుకుంటుంది.

ఆధార్‌తో తేలేది ఒక్కటే: ఈ మనిషి ఈ మనిషేనా అని. పాత ఉద్యోగాలు, కోర్టు కేసులు అందులో ఉండవు. 2018 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ప్రైవేటు కంపెనీ దాన్ని తప్పనిసరి చెయ్యలేదు. 2019 సవరణతో, అభ్యర్థి ఇష్టపడి ఇస్తే ఆఫ్‌లైన్‌లో చూసుకోవచ్చు, నంబరు మాత్రం దాచుకోకూడదు. ఇవ్వనంటే పాస్‌పోర్టో ఓటరు కార్డో తీసుకోండి.

చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ చాలు. కార్డు మీద పేరు మార్చేస్తే కంటికి దొరకదు. క్యూఆర్ కోడ్‌లోని వివరాలకి డిజిటల్ సంతకం ఉంటుంది కాబట్టి ఆధార్ సంస్థ సొంత యాప్‌తోనే స్కాన్ చేసి, వచ్చిన పేరు, ఫొటో కార్డుతో పోల్చండి. మామూలు స్కానర్‌లో అంకెల చాంతాడు తప్ప ఏమీ రాదు. వాట్సాప్ ఫొటోలో కోడ్ మసకబారి చదవదు, అసలు పీడీఎఫ్ అడగండి. పుట్టిన తేదీకి మాత్రం ఆధార్ కాదు, పదో తరగతి మెమో చూడండి.

పీఎఫ్_లెక్కలు:
పాత ఉద్యోగాలకి అసలు పనికొచ్చేది యూఏఎన్. ఇదీ 12 అంకెలే, ఆధార్‌దీ 12 అంకెలే. ఒకదాని గడిలో ఇంకోటి కొట్టేవాళ్లు చాలామంది. ఆధార్ 0తో గానీ 1తో గానీ మొదలవదు, యూఏఎన్ మామూలుగా 1తోనే మొదలవుతుంది. ఫారంలో ఆ చెక్ పెట్టేస్తే సరి.

పీఎఫ్ పోర్టల్‌లోని సర్వీస్ హిస్టరీలో రెండు ఉద్యోగాల తేదీలు ఒకదాని మీద ఒకటి పడ్డాయని వెంటనే మూన్‌లైటింగ్ (దొంగచాటుగా రెండో ఉద్యోగం) అనెయ్యకండి. పాత కంపెనీ ఎగ్జిట్ తేదీ తప్పు వేసి ఉండొచ్చు, అసలు వెయ్యకపోయీ ఉండొచ్చు. పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి ఒకే నెలకి రెండు సంస్థల జమలు ఉన్నాయేమో చూడండి. ఉంటే అప్పుడు అడగండి. ఎగ్జిట్ ఖాళీగా ఉంటే, ఆఖరి జమ నెల నుంచి 2 నెలలు దాటాక అభ్యర్థే పోర్టల్‌లో మార్క్ ఎగ్జిట్ చేసుకోవచ్చు.

యూఏఎన్ లేదంటే అనుభవం అబద్ధమని కాదు. 20 మంది లోపు సంస్థలకి సాధారణంగా పీఎఫ్ తప్పనిసరి కాదు. అలాంటప్పుడు ఫారం 16 (జీతంలో కోసిన పన్నుకి యజమాని ఇచ్చే సర్టిఫికెట్), లేదా 26ఏఎస్‌లో (పన్ను శాఖ దగ్గర ఉండే పన్ను జమల పట్టిక) ఆ యజమాని టీడీఎస్ ఉన్న భాగం చాలు. మిగతా ఆదాయాలు మీకెందుకు?

ఇంకోటి, పోర్టల్ ఓటీపీ అడగొద్దు. క్లెయిములు పెట్టేదీ అక్కడే. పాస్‌బుక్ వాళ్లనే డౌన్‌లోడ్ చేసి ఇమ్మనండి.

పాన్_పరిశీలన:
మిస్‌మ్యాచ్‌లలో చాలావరకు ఇంటిపేరు గొడవే. ఆధార్‌లో "కె." అని ఉంటుంది, పాన్ దరఖాస్తు పొడి అక్షరాలు ఒప్పుకోదు కాబట్టి అక్కడ పూర్తిగా రాస్తారు. వ్యక్తి పాన్‌లో నాలుగో అక్షరం పి, ఐదోది లాస్ట్ నేమ్ గడిలో రాసిన దాని మొదటి అక్షరం. మనవాళ్లు ఆ గడిలో అసలు పేరు రాసేస్తుంటారు, అందుకే ఐదో అక్షరం ఇంటిపేరుతో కలవకపోయినా నకిలీ అనుకోకూడదు. తండ్రి పేరు, పుట్టిన తేదీ కలిస్తే పొడి అక్షరాల తేడా వదిలెయ్యండి. పుట్టిన తేదీ తేడా అయితే ఆపాల్సిందే. 2017 అక్టోబరు 1 నుంచి ఇచ్చిన, ఆధార్‌తో సరిచూసిన యూఏఎన్‌లలో పేరు, తేదీ అభ్యర్థే దిద్దుకోవచ్చు, 2025 జనవరి నుంచి యజమాని ఆమోదం అక్కర్లేదు.

హెచ్‌ఆర్_డెస్క్:
మరి కోర్టు కేసులున్నాయో లేదో ఏ నంబరుతో చూడాలి?

వెరిఫికేషన్_బల్ల:
ఏ నంబరుతోనూ కాదు. ఈ-కోర్ట్స్‌లో (కోర్టు కేసుల వెబ్‌సైట్) వెతికేది పేరుతో. ఒకే పేరువాళ్లు పదిమంది తగులుతారు. తండ్రి పేరు, చిరునామా, వయసు మూడూ కలిస్తేనే లెక్కలోకి తీసుకోండి, ఆఫర్ రద్దు చేసేముందు ఆ కాగితం అభ్యర్థికి చూపించి జవాబు వినండి. పోస్టు డబ్బు వ్యవహారాలదైతే పోలీస్ వెరిఫికేషన్ సర్టిఫికెట్ తెచ్చుకోమనడం మేలు.