రూథర్‌ఫర్డ్ ప్రయోగాన్ని తొమ్మిదో తరగతికి ఎలా చూపించాలి?

నమస్కారం. నేను కడప జిల్లాలో, తుమ్మలపల్లె యురేనియం గనికి దగ్గరలోని ఒక ఉన్నత పాఠశాలలో భౌతిక శాస్త్రం బోధిస్తున్నాను. న్యూజిలాండ్‌లో 1871లో పుట్టిన ఎర్నెస్ట్ రూథర్‌ఫర్డ్ జీవితాన్ని పిల్లలు ఆసక్తిగా విన్నారు. 1908లో రసాయన శాస్త్రంలో నోబెల్ అందుకున్న తర్వాతే, 1911లో, ఆయన పరమాణువు మధ్యలోని కేంద్రకం సంగతి వెల్లడించారంటే ఆశ్చర్యపోయారు. చిక్కు ప్రయోగం దగ్గరే వచ్చింది.

పలుచని బంగారు రేకులోంచి ధనావేశమున్న ఆల్ఫా కణాలు దాదాపు అన్నీ సూటిగా దూసుకుపోయాయనీ, ఏ కొన్ని వేలలో ఒకటో వెనుదిరిగిందనీ చూపడానికి, అట్ట కింద చిన్న నాపరాయి ముక్క దాచి గోళీలు దొర్లించాను. ఒక గోళీ టక్కున తగిలి వెనక్కి రాగానే, ముందు వరుసలోని అమ్మాయి, "కణం కూడా ఇలాగే గుద్దుకుంటుందా సార్?" అని అడిగింది. చాలా మంచి ప్రశ్న. కణానికీ కేంద్రకానికీ ఉన్న ధనావేశాల వికర్షణే కణాన్ని తిప్పి పంపుతుందని నోటితో చెప్పాను గానీ, అది వాళ్ల కళ్లకు కనబడలేదు.

అయస్కాంతాలతోనో, మరే చవకైన సామగ్రితోనో దీన్ని తరగతిలో చేసి చూపిన ఉపాధ్యాయులు ఉంటే, ఏ ఏర్పాటు పనిచేసిందో దయచేసి వివరంగా తెలుపగలరా?