మూడు నెలల్లో ఇరవై రెండు పోస్టులు, చదివేవాళ్లు మాత్రం లేరు

మర్రిపాలెం (రాత్రి 1:20)
సాయంత్రం ఏడింటికి కూర్చున్నాను, ఇప్పుడు ఒంటిగంట దాటింది. టెంప్లేట్ రెండుసార్లు మార్చాను. అక్షరాల రంగు మార్చాను. పైన బీచ్ రోడ్డు ఫోటో తీసేసి డాల్ఫిన్స్ నోస్ ఫోటో పెట్టాను. మా ఆవిడ రెండుసార్లు లేచొచ్చి చూసి, ఏమీ అనకుండా వెళ్లి పడుకుంది. వ్యూస్ మాత్రం తొమ్మిది దగ్గరే ఉన్నాయి.

బ్లాగర్‌లో పాత విశాఖ గురించి రాస్తున్నాను. పూర్ణా మార్కెట్, వన్‌టౌన్, భీమిలి, హుద్‌హుద్ వచ్చిన రోజు... మొత్తం ఇరవై రెండు. ప్రతిదీ వాట్సాప్‌లో రెండు వందల మందికి పంపుతున్నాను. ఒక్కరూ కామెంట్ పెట్టరు. గూగుల్‌లో నా పోస్టు పేరు ఉన్నదున్నట్టు కొట్టినా నా బ్లాగు రాదు. జనం రావాలంటే ఏం చెయ్యాలి? యాడ్స్‌కి డబ్బులు పెట్టాలా? మూసేద్దామన్నంత విసుగొచ్చింది.

సిరిపురం (1:26)
లింక్?

టపాకాయ (ఉదయం 6:05)
ముందుగా ఒక మాట. పోస్టు కాదండి, టపా. మేము రాసే రోజుల్లో అందరం టపా అనేవాళ్లం, కామెంట్‌ని వ్యాఖ్య అనేవాళ్లం. పొద్దున్నే కాఫీ పట్టుకుని కూడలి అనే సైటు తెరిస్తే తెలుగులో కొత్తగా ఎవరేం రాశారో వరసగా కనిపించేది. జల్లెడ, హారం, మాలిక అని అలాంటివే ఇంకొన్ని ఉండేవి. కొత్తవాడు మొదటి టపా రాసిన గంటలో పదిమంది వచ్చి "స్వాగతం" అనేవారు. పాఠకుణ్ణి వెతుక్కోవాల్సిన అవసరమే లేదు. బ్లాగులన్నీ ఒకచోట చదువుకునే గూగుల్ రీడర్‌ని 2013 జూలైలో మూసేశారు, కొత్త టపాలను మెయిల్‌కి పంపే ఫీడ్‌బర్నర్ ఈమెయిల్ చందాలను 2021లో ఆపేశారు. చదివేవాళ్లంతా ఫేస్‌బుక్కుకి పోయారు. మీ తప్పేం లేదు, కాలం అలాంటిది.

కంచరపాలెం కుర్రాడు (7:40)
టపాకాయ గారూ, ఆయన అడిగింది చరిత్ర కాదు కదండీ.

మర్రిపాలెం గారూ, ఆ రెండు వందల మందికి బ్రాడ్‌కాస్ట్ లిస్ట్‌లో పంపుతున్నారా? అలా అయితే, మీ నంబరు తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ మెసేజ్ చేరుతుంది. మిగతావాళ్లకి వెళ్లదు, వెళ్లలేదని మీకు తెలియదు కూడా. ఇంకోటి, ఆ తొమ్మిది వ్యూస్‌లో మీవెన్ని? బ్లాగర్ గణాంకాల్లో సొంత వ్యూస్ లెక్కపెట్టొద్దని చెప్పే సెట్టింగ్ ఉంటుంది. అది ఏ బ్రౌజర్‌లో పెడితే ఆ బ్రౌజర్‌కే పనిచేస్తుంది, ఫోన్‌లో మళ్లీ విడిగా పెట్టుకోవాలి.

మర్రిపాలెం (8:15)
పెట్టాను బాబూ. అప్పట్నుంచి కొత్తగా వచ్చినవి రెండే. ఆ రెండోది మా బావమరిదని నా అనుమానం.

సిరిపురం (8:16)
లింక్ ఇవ్వలేదు.

కంచరపాలెం కుర్రాడు (8:30)
పోస్టుల పేర్లు ఏం పెట్టారో చెప్పండి సార్.

మర్రిపాలెం (8:52)
"పసుపు వాసనల జ్ఞాపకం", "కెరటం చెప్పని కబురు", "ఆకుపచ్చని నగరం బోడిదైన వేళ", "చందనం తొలగిన క్షణం". పేర్ల కోసమే ఒక్కోదానికి ఒక పూట పట్టింది.

కంచరపాలెం కుర్రాడు (9:10)
చాలా బాగున్నాయి. కానీ వీటిలో పూర్ణా మార్కెట్ ఏదో చెప్పుకోండి చూద్దాం! పసుపు వాసన అని ఎవరు వెతుకుతారు సార్? వెతికేవాడు "పూర్ణా మార్కెట్ పాత ఫోటోలు" అని కొడతాడు. కవిత్వం లోపల ఎంతైనా రాసుకోండి, పేరులో మాత్రం ఊరు, వీధి, సంవత్సరం కనపడాలి. "హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12: మా వీధిలో చెట్లు" అన్నారనుకోండి, ఆ రోజు ఇక్కడ ఉన్నవాళ్లు నొక్కకుండా ఉండలేరు.

చందనం అంటే సింహాచలం నిజరూప దర్శనమేగా? అది ఎప్పుడు పెట్టారు?

మర్రిపాలెం (9:14)
దర్శనం చేసుకొచ్చిన రెండు రోజులకి.

కంచరపాలెం కుర్రాడు (9:20)
అదీ సంగతి. ఆ దర్శనం ఉండే అక్షయ తృతీయకి ముందు, ఏటా వారం పదిరోజులు జనం దాని గురించే వెతుకుతారు. క్యూ ఎలా ఉంటుంది, కొండ మీదకి ఎలా వెళ్లాలి, ముసలివాళ్లని తీసుకెళ్లొచ్చా అని. తర్వాత ఆ సంగతి ఎవరికీ పట్టదు. కొత్తది రాయక్కర్లేదు, పాతదాన్నే సరిచేసి వచ్చే ఏడాది ముందుగా వాట్సాప్‌లో తిప్పండి.

టపాకాయ (9:45)
వ్యూస్ వేరు, పాఠకులు వేరు. పేరు చూసి నొక్కి వెళ్లిపోయేవాడు వీక్షకుడు. మళ్లీ రేపు వచ్చేవాడే పాఠకుడు. నాకు పన్నెండేళ్లలో నికరంగా నలభైమంది దొరికారు, చాలు. మీరు ఇతరుల బ్లాగుల్లో వ్యాఖ్యలు రాస్తున్నారా? "బాగుందండి" అని కాదు, చదివినట్టు తెలిసేలా. నా నలభైమందిలో సగం అలా వచ్చినవాళ్లే.

సిరిపురం (10:02)
లింక్.

మర్రిపాలెం (10:30)
క్షమించాలి, ఇందాకే మీకు విడిగా పంపాను, చూశారా?

సిరిపురం (10:41)
చూశాను. ఇరవై రెండు పోస్టుల్లో ఒక్క తెలుగు అక్షరం లేదు. అన్నీ బొమ్మలే.

మర్రిపాలెం (10:48)
అది చెప్పాల్సిన విషయం అనుకోలేదు. కాగితం మీద రాసి డీటీపీ (టైపు చేసి పేజీలు కూర్చే) సెంటర్లో ఇస్తాను, వాళ్లు అను అనే తెలుగు ఫాంట్‌లో కొట్టి ఇస్తారు. ఫైల్లోంచి కాపీ చేసి బ్లాగులో పెడితే ఇంగ్లీషు అక్షరాలు, మీద చుక్కలు, తోకలు వస్తున్నాయి. అందుకని పేజీలను ఫోటోలుగా పెట్టేస్తున్నాను. చదవడానికి బాగానే ఉంది కదా?

సిరిపురం (10:55)
ఫోన్‌లో రెండు వేళ్లతో సాగదీయాలి. సాగదీస్తే వరస చివర తెగిపోతుంది, పక్కకి జరిపితే మొదలు పోతుంది. మూడో వరసకి మానేశాను. ప్రతి పేజీ అడుగున డీటీపీ సెంటర్ ఫోన్ నంబరు ఉంది.

కంచరపాలెం కుర్రాడు (11:05)
అయ్యో సార్! పొద్దున్నుంచీ నేను పేర్ల గురించి పాఠం చెబుతున్నానా? గూగుల్ మీ పేజీకొస్తే దానికి పైనున్న పేరు, కింద ఒక ఫోటో దొరుకుతాయి, అంతే. ఆ ఫోటోలో ఉన్నది పూర్ణా మార్కెట్టో, మా ఇంటి కరెంటు బిల్లో దానికెలా తెలుస్తుంది? అను ఫాంట్‌లో తెలుగు రూపాలను ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చోబెడతారు. ఆ ఫాంట్ లేనిచోట కింద ఉన్న ఇంగ్లీషే బయటపడుతుంది. యూనికోడ్‌లో తెలుగు అక్షరాలకి సొంత నంబర్లున్నాయి, మీకు కావలసింది అది.

అక్కయ్యపాలెం ప్రింటర్ (11:30)
అనుని తక్కువ చెయ్యకండి. పెళ్లి కార్డుల నుంచి పత్రికల దాకా ఎంత తెలుగు అచ్చయిందో దానిలో! యూనికోడ్ ఫాంట్లలో ఇన్ని అందమైన రకాలు ఎక్కడున్నాయి? ఇరవై ఏళ్లుగా ఇదే అన్నం పెడుతోంది మాకు.

టపాకాయ (11:42)
అచ్చుకీ తెరకీ తేడా లేదా అండీ? మేము లేఖినిలో ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగు తెచ్చుకున్నాం. డీటీపీ గడప తొక్కలేదు.

అక్కయ్యపాలెం ప్రింటర్ (11:50)
అందుకే మీ వత్తులన్నీ అలా ఉంటాయి.

కంచరపాలెం కుర్రాడు (మధ్యాహ్నం 12:10)
మీరిద్దరూ తర్వాత తేల్చుకోండి.

సార్, డీటీపీ ఆయన దగ్గర అసలు ఫైలు ఉంటే తీసుకోండి. అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లున్నాయి. వత్తులు, సంయుక్తాక్షరాలు తప్పొస్తాయి, ఒకసారి చదివి దిద్దుకోవాలి. ఫైలు లేకపోతే ఫోటోని గూగుల్ డ్రైవ్‌లో పెట్టి డాక్స్‌తో తెరవండి, అక్షరాలు విడిగా వస్తాయి. కొత్తవి ఫోన్‌లో గూగుల్ కీబోర్డు జీబోర్డ్‌లో మైక్ నొక్కి చెప్పుకుంటూ పోవచ్చు. ఇవన్నీ అయ్యాక సెట్టింగ్స్‌లో సెర్చ్ ఇంజిన్లకి కనిపించాలన్నది ఆన్‌లో ఉందో లేదో చూడండి. గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో చిరునామా ఇచ్చి ఇండెక్స్ చెయ్యమని, అంటే వెతికితే వచ్చే పేజీల్లో చేర్చమని అడగండి. వెంటనే రాదు, కాస్త ఓపిక పట్టాలి. యాడ్స్‌కి రూపాయి పెట్టకండి.

మర్రిపాలెం (రాత్రి 9:35)
డీటీపీ ఆయన ఫైళ్లు వెతికి ఆదివారం ఇస్తానన్నాడు. ఈలోగా పూర్ణా మార్కెట్ ఒకటి డ్రైవ్‌లో పెట్టి మార్చాను, పేరు కూడా మార్చాను. థ్యాంక్స్ అందరికీ.

సిరిపురం (9:48)
రెండో పేరా మధ్యలో డీటీపీ ఫోన్ నంబరు కూడా అక్షరాలైపోయింది. తీసేయండి.