ల్యాప్‌టాప్‌ను రోజంతా ప్లగ్గులోనే ఉంచొచ్చా, 80 దగ్గర పీకేయాలా? మన ఎండలకు ఏది మేలు?

పెన్నా (అనంతపురం)
టేబుల్ మీదే పెట్టి రోజుకు 9, 10 గంటలు వాడే ల్యాప్‌టాప్ గురించి అడుగుతున్నా. 100 దాకా ఎక్కించి ప్లగ్గు తీయకుండా వాడమని కొందరంటారు. 20కి దిగినాకే పెట్టి, 80 రాగానే పీకేయమని ఇంకొందరు. కొత్తలో 8 గంటలు ఏకబిగిన చార్జింగ్ పెట్టాలని, నెలకోసారి సున్నాకు దించాలని చెప్పేవాళ్ళూ ఉన్నారు. గదిలో ఏసీ లేదు, మే నెలలో లోపలే 37, 38 డిగ్రీలుంటుంది. కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. ఏది చేయాలో కారణంతో సహా చెప్పండన్నా.

కందనవోలు (కర్నూలు)
8 గంటల చార్జింగ్, నెలనెలా సున్నాకు దించడం నికెల్ బ్యాటరీల నాటి అలవాట్లు. ఇప్పుడు ల్యాప్‌టాప్‌లలో వచ్చేది లిథియం అయాన్, కాబట్టి ఆ రెండూ వదిలేయండి.

లిథియం బ్యాటరీ రెండు రకాలుగా అరుగుతుంది. వాడితే అరిగేది ఒకటి. మొత్తం కలిపి 100 శాతం ఖర్చయితే ఒక సైకిల్ లెక్క. రోజుకు 50 చొప్పున రెండు రోజులు వాడినా ఒక సైకిలే. రెండోది ఊరికే ఉన్నా అరిగేది. బ్యాటరీ లోపలి మామూలు సెల్ నిండితే 4.2 వోల్టులు ఉంటుంది, కొత్త రకం పౌచ్ సెల్ (పలుచటి సంచీలాంటిది) అయితే 4.35 లేదా 4.4. ఆ పై వోల్టేజీలో లోపలి ఎలక్ట్రోలైట్ (సెల్‌లో ఉండే రసాయన ద్రవం) మెల్లగా చెడిపోతూ ఉంటుంది. వేడి తోడయితే ఆ వేగం పెరుగుతుంది.

బ్యాటరీ యూనివర్సిటీ అనే వెబ్‌సైట్ పట్టికలో అంకెలు చూడండి. ఏడాది పాటు 25 డిగ్రీల్లో 40 శాతం చార్జితో ఉంచితే సామర్థ్యం 96 శాతం మిగులుతుంది. అదే 25 డిగ్రీల్లో నిండుగా ఉంచితే 80. ఇక 40 డిగ్రీల్లో 40 శాతం చార్జితో ఉంచితే 85, నిండుగా ఉంచితే 65. పెన్నా చెప్పిన గది 38 అయితే, నడుస్తున్న ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ 40 దాటే ఉంటుంది.

అందుకే చార్జింగ్ ఆగే పరిమితి 80కి పెట్టి ప్లగ్గులోనే ఉంచండి. చేత్తో పీకి పెట్టే పని వద్దు, టేబుల్ మీద వాడే మిషన్‌కు దానివల్ల సైకిళ్ళు దండగవడమే.

గడప (కడప)
కందనవోలు అన్నా, మీరు జనాన్ని ఎక్కువగా భయపెడుతున్నారు. 100కు చేరాక చార్జింగ్ సర్క్యూటే ఆపేస్తుంది. ల్యాప్‌టాప్ అడాప్టర్ మీద నడుస్తుంది, బ్యాటరీ పక్కన కూర్చుంటుంది. చాలా మోడళ్ళలో అది 95 లోపు దిగేదాకా మళ్ళీ చార్జింగ్ మొదలే కాదు. ఓవర్‌చార్జింగ్ అనేది లేదు.

ఇంకొకటి, కరెంటు పోయినప్పుడు 80 శాతమే ఉంటే ఎవరికి నష్టం? బ్యాటరీ ఎట్లయినా మూడు నాలుగేళ్ళకు మార్చే వస్తువు. దాన్ని కాపాడడానికి దాని పని దాన్ని చేయనీకపోతే ఎట్లా?

కందనవోలు (కర్నూలు)
ఓవర్‌చార్జింగ్ అని నేను అనలేదు తమ్ముడూ. నిండు వోల్టేజీలో నెలల తరబడి కూర్చోవడమే నష్టం. సర్క్యూట్ 4.2 దాటనివ్వదు గానీ, 4.2 నుంచి కిందికి దించదు కదా.

కరెంటు సంగతి లెక్కేద్దాం. 50 వాట్ అవర్ బ్యాటరీ, రాత పని, బ్రౌజింగ్‌కు సుమారు 12 వాట్ల ఖర్చు. 100 శాతంతో 4 గంటల 10 నిమిషాలు. 80తో 3 గంటల 20. తేడా 50 నిమిషాలు. పరిమితి లేక రెండు ఎండాకాలాలకు బ్యాటరీ 35 వాట్ అవర్లకు పడిపోతే, అప్పుడు 100 ఎక్కించినా 2 గంటల 55 నిమిషాలే. ఇవాళ మిగుల్చుకున్న 50 నిమిషాలు రేపు అట్లా పోతాయి.

హంద్రీ (కర్నూలు)
శాతాల మీద కొట్లాడుకుంటాండారు గానీ, వేడి తగ్గించే దారి ఎవురూ చెప్పల్యా. మన దగ్గర సగం కథ అదే.

మధ్యాన్నం పూట చార్జింగ్ 60, 70 దగ్గర ఆగిపోతే అడాప్టర్ పోయిందని అంగడికి ఎత్తకపోతారు. చాలాసార్లు అది రిపేరు కాదు. లిథియం సెల్లుకు మామూలు చార్జింగ్ హద్దు 45 డిగ్రీలు. అది దాటితే కంట్రోలర్ కరెంటు, వోల్టేజీ తగ్గిస్తాది, లేదా ఆపేస్తాది. అర్ధగంట చల్లార్చి చూడండి, మళ్ళా ఎక్కితే అడాప్టర్ బాగున్నట్టే.

రేకుల కప్పు కిందయినా బండల మిద్దె కిందయినా గది రాత్రి 9 దాకా చల్లబడదు. బాగా దిగిన బ్యాటరీని తెల్లారుజామున 5 నుంచి 8 లోపల ఎక్కించుకోండి. పరుపు మీద, దిండు మీద పెట్టి చార్జింగ్ వద్దు, కింది గాలి రంధ్రాలు మూసుకుంటాయి. వెనక రెండు అంగుళాలు ఎత్తు పెట్టండి. మన దుమ్ముకు ఏడాదికోసారి ఫ్యాను, హీట్‌సింక్ మధ్య అట్ట కట్టిన దుమ్ము తీయాల్సిందే. ఊదేటప్పుడు ఫ్యాను రెక్క తిరగకుండా పట్టుకోండి. ర్యాపిడ్ చార్జ్ ఆప్షను ఉంటే ఎండాకాలం ఆపేయండి. ఎండలో నిలిపిన కారులో బ్యాగు పెట్టి పోవద్దు. ఇంకో ముఖ్యమైన సంగతి: స్లీప్‌లో పెట్టి బ్యాగులో వేస్తే కొన్ని మోడళ్ళు లోపలే మేలుకుని బాగా వేడెక్కుతాంటాయి. బ్యాగులో పెట్టేముందు షట్‌డౌన్ చేయండి.

పెన్నా (అనంతపురం)
పరిమితి ఎక్కడ పెట్టాలి? విండోస్ సెట్టింగ్స్‌లో కనపడలేదు.

చిత్రావతి (అనంతపురం)
విండోస్‌లో కాదు, కంపెనీ యాప్‌లోనో, బయాస్‌లోనో (విండోస్ మొదలవకముందు తెరిచే సెట్టింగ్స్) ఉంటుంది. లెనోవో అయితే వాంటేజ్ యాప్‌లో కన్జర్వేషన్ మోడ్. పాత మోడళ్ళలో అది 60 దగ్గర, కొత్తవాటిలో 80 దగ్గర ఆపుతుంది. థింక్‌ప్యాడ్‌లో మొదలయ్యే శాతం, ఆగే శాతం విడివిడిగా పెట్టుకోవచ్చు. ఆసుస్‌లో మై ఆసుస్ యాప్‌లో బ్యాటరీ హెల్త్ చార్జింగ్. డెల్‌లో బయాస్‌లోకి వెళ్ళి చార్జ్ కాన్ఫిగరేషన్ కింద కస్టమ్ ఎంచుకుని 70, 80 ఇవ్వండి. హెచ్‌పీ బిజినెస్ మోడళ్ళ బయాస్‌లో బ్యాటరీ హెల్త్ మేనేజర్. ఏసర్‌లో కేర్ సెంటర్. లినక్స్ వాడేవాళ్ళకు టీఎల్‌పీ అనే టూల్ ఉంది, మోడల్ సహకరిస్తే. బయటి యాప్‌లతో జాగ్రత్త: ఫర్మ్‌వేర్‌లో (మిషన్ లోపలే ఉండే కంపెనీ సాఫ్ట్‌వేర్) సదుపాయం లేకపోతే అవి చార్జింగ్ ఆపలేవు, 80 అయిందని గంట కొడతాయి, అంతే.

పరిమితి పెట్టినాక వచ్చే ఇబ్బంది కూడా చెప్పాలి. నెలల తరబడి 75, 80 మధ్యే తిరిగితే బ్యాటరీలో ఉండే కొలత చిప్‌కు నిండు ఎక్కడో, అడుగు ఎక్కడో లెక్క తప్పుతుంది. 25 చూపిస్తూ ఉన్నట్టుండి ఆగిపోవడం అందుకే. మూడు నెలలకోసారి కాలిబ్రేషన్, అంటే ఆ లెక్క సరిచేయడం, చేయాలి. పరిమితి తీసి 100 ఎక్కించి, రెండు గంటలు అట్లే ఉంచండి. ప్లగ్గు తీసి, తేలిక పనితో అది తనంతట ఆగేదాకా వాడండి. రెండు మూడు గంటలు కదిలించకుండా పెట్టి, మళ్ళీ మధ్యలో ఆపకుండా 100 ఎక్కించి, పరిమితి తిరిగి పెట్టుకోండి. దీంతో బ్యాటరీ సామర్థ్యం పెరగదు, చూపించే అంకె సరవుతుంది. నెలనెలా మాత్రం వద్దు.

నా అభిప్రాయం: ఇంట్లో ఇన్వర్టర్ ఉండి, ల్యాప్‌టాప్ టేబుల్ దాటకపోతే మార్చి నుంచి జూన్ దాకా 60 చాలు.

గడప (కడప)
60కి నేను ఒప్పుకోను. అరిగిన బ్యాటరీలో 60 అంటే రెండు గంటలు కూడా రాదు, ఆన్‌లైన్ పరీక్ష మధ్యలో కరెంటు పోతే ఏం చేస్తారు? టేబుల్ మీదే ఉండే మిషన్‌కు 80 సరే, అక్కడ కందనవోలు అన్న లెక్క బాగుంది. కానీ రోజూ కాలేజీకి, ఆఫీసుకు మోసేవాళ్ళు బయలుదేరే ముందు 100 చేసుకోవడంలో తప్పు లేదు. గంటలో వాడడం మొదలవుతుంది, నిండుగా ఉండేది కాసేపే.

అడాప్టర్ వాటేజీ కూడా చూసుకోండి. 130 వాట్లు కావాల్సిన గేమింగ్ మిషన్‌కు 65 వాట్ల టైప్ సీ చార్జర్ పెడితే, ప్లగ్గులో ఉన్నా బ్యాటరీ దిగిపోతుంది. రోజంతా ప్లగ్గులో ఉండి కూడా సైకిళ్ళు పెరుగుతున్నాయంటే మొదట చూడాల్సింది ఇదే.

పెన్నా (అనంతపురం)
కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ బ్యాటరీ రిపోర్ట్ తీశా. డిజైన్ కెపాసిటీ 50,000 మిల్లీవాట్ అవర్లు, ఫుల్ చార్జ్ 41,300, సైకిళ్ళు 212. మార్చాలా?

కందనవోలు (కర్నూలు)
82.6 శాతం మిగిలింది. ఇప్పుడే మార్చొద్దు. 60 లోపు పడితేనో, కాలిబ్రేషన్ తర్వాత కూడా ఉన్నట్టుండి ఆగిపోతుంటేనో ఆలోచించండి.

ఉబ్బితే మాత్రం ఒక్క రోజు కూడా ఆగొద్దు. టచ్‌ప్యాడ్ పైకి లేవడం, క్లిక్ గట్టిపడడం, మూత సరిగా మూసుకోకపోవడం, కింది ప్లేట్ ఊగడం గుర్తులు. లోపల ఎలక్ట్రోలైట్ చెడి గ్యాస్ పుట్టిందని అర్థం. వెంటనే షట్‌డౌన్ చేసి చార్జర్ తీసేయండి. అదిమి సర్దొద్దు, గ్యాస్ పోతుందని సూదితో పొడవొద్దు, మంటలంటుకుంటాయి. తీయించిన బ్యాటరీని పొడి ఇసుక పోసిన ఇనుప డబ్బాలో ఆరుబయట ఉంచండి. చెత్తబండిలో వేయొద్దు. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలను సేకరించి రీసైక్లింగ్‌కు పంపే బాధ్యత తయారీదారులది, కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అడగండి.

చిత్రావతి (అనంతపురం)
కొత్తది కొనేటప్పుడు ప్యాక్ మీది వోల్టేజీ కలవాలి. 10.8, 11.1 ఒకదాని బదులు ఒకటి నడుస్తాయి, రెండూ నిండితే 12.6 వోల్టులే. 11.4 ప్యాక్ నిండితే 13.05, 11.55 అయితే 13.2. వీటిని 11.1తో కలపకూడదు. అంగట్లో సరిపోతుందన్నా పార్ట్ నంబర్ చూడందే తీసుకోవద్దు. బిగించిన వెంటనే అక్కడే బ్యాటరీ రిపోర్ట్ తీయించండి. సైకిళ్ళు సున్నా దగ్గరగా లేకపోయినా, ఫుల్ చార్జ్ అంకె డిజైన్ కన్నా బాగా తక్కువున్నా అది పాత సరుకు, డబ్బు ఇవ్వకముందే వెనక్కి ఇచ్చేయండి.